డాలస్ కింద గ్యాసు: ఫ్రాకింగ్‌లో ఏది ఎక్కడ చెడుతుంది

టెక్సస్‌లోని డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయం కింద, సుమారు ఎనిమిది వేల అడుగుల లోతున, గ్యాసు బావులు అడ్డంగా సాగి ఉన్నాయి. 2006లో విమానాశ్రయం తన 18,000 ఎకరాల కింది గ్యాసు హక్కుల్ని చెసపీక్ ఎనర్జీకి లీజుకిచ్చి, ముందస్తు బోనస్‌గానే 18.5 కోట్ల డాలర్లు పుచ్చుకుంది. 2008 సెప్టెంబరులో ఆ పక్కనే ఒక బావిలోకి వ్యర్థజలం దించడం మొదలుపెట్టారు. ఏడు వారాలు తిరిగేసరికి, అక్టోబరు చివర్లో, చుట్టుపక్కల భూమి కంపించింది. అంతకుముందు భూకంపం అన్న మాటే పెద్దగా వినని చోటు అది. 2009 ఆగస్టులో ఆ బావిని ఆపేశారు.

ఆ కంపనాలకి కారణమని పరిశోధకులు వేలు చూపింది గ్యాసు తీసిన బావుల మీద కాదు, గ్యాసుతో పాటు పైకొచ్చిన ఉప్పునీటిని మళ్లీ కిందికి దించిన బావి మీద. ఫ్రాకింగ్ అంటే లోతున ఉన్న రాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాసు తీయడం. దాని గురించి మనవాళ్ల వాదనలు, మెచ్చుకునేవైనా తిట్టేవైనా, 'రాయిని పగలగొట్టడం' దగ్గరే ఆగిపోతాయి. చెడేది మాత్రం ఎక్కువగా దానికి ముందూ వెనకా జరిగే పనుల్లో: సిమెంటులో, మురుగునీటిలో, వాల్వుల్లో, లారీల్లో. పని జరిగే వరసలోనే చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

రాయి ఎందుకు పగలాలి

షేల్ అంటే 30 కోట్ల ఏళ్లకు ముందెప్పుడో సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురద గట్టిపడి అయిన రాయి. డాలస్-ఫోర్ట్‌వర్త్ కింద ఉన్న ఈ పొర పేరు బార్నెట్. గ్యాసు ఆ రాయిలోనే పుట్టింది, అక్కడే ఇరుక్కుంది. మామూలు గ్యాసు క్షేత్రంలో ఇసుకరాయి సందుల్లోంచి గ్యాసు తనంతట తనే బావిలోకి వస్తుంది. షేల్‌లో ఆ సందులు ఎంత సన్నమంటే, ఉత్త బోరు వేసి కూర్చుంటే పెట్టిన ఖర్చులో పైసా కూడా వెనక్కి రాదు. దారులు మనమే చెయ్యాలి.

ఈ ఆలోచన పాతదే. 1947లో కాన్సాస్‌లోని హ్యూగోటన్ క్షేత్రంలో మొదటి ప్రయోగం జరిగింది. అప్పుడు వాడింది నీళ్లు కాదు, నాపామ్‌తో చిక్కబరిచిన పెట్రోలు. 1949లో వ్యాపారంగా మొదలైంది. బార్నెట్ మీద పట్టు వదలకుండా కూర్చున్నవాడు జార్జ్ మిచెల్. 1981లో ఆయన కంపెనీ మొదటి బావి తవ్వింది. చిక్కటి జెల్‌తో పగలగొట్టి చూశారు, గ్యాసు వచ్చింది కానీ ఖర్చుకి తగ్గట్టు రాలేదు. 1997-98లో నిక్ స్టైన్స్‌బెర్గర్ అనే ఇంజనీరు జెల్ తీసేసి, పల్చటి నీటిలో జారుడు మందు మాత్రం కలిపి ఎక్కువ వేగంతో పంపించాడు. ఖర్చు తగ్గింది, గ్యాసు పెరిగింది. 2002లో డెవాన్ కంపెనీ మిచెల్ ఎనర్జీని కొనేసి, దానికి అడ్డబోరు జోడించింది. ఈ రెండూ కలిశాకే షేల్ విప్లవం.

జెల్ మాట వచ్చింది కనుక ఒక పక్కదారి. ఆ జెల్‌ని చిక్కబరిచేది గ్వార్ గమ్. గ్వార్ అంటే మరేదో కాదు, మన గోరుచిక్కుడే. మనం కాయ కూర వండుకుంటాం. ఈ వ్యాపారానికి కావలసింది గింజలోని జిగురు. ప్రపంచానికి కావలసిన గోరుచిక్కుడు గింజలో పెద్ద వాటా పండేది రాజస్థాన్‌లో. 2012లో అమెరికా బావుల గిరాకీకి దాని ధర ఎంతగా ఎగిరిందంటే, మన దేశంలో దాని ఫ్యూచర్స్ వ్యాపారాన్నే కొన్నాళ్లు ఆపేశారు.

బోరు నుంచి గ్యాసు దాకా

రాయలసీమలో వెయ్యి అడుగుల బోరంటేనే గుండె గుభేలుమంటుంది. ఇక్కడ ఏడెనిమిది వేల అడుగులు నిలువుగా దిగి, మెల్లగా వంపు తిరిగి, షేల్ పొర వెంబడే ఇప్పటి పద్ధతిలో ఇంకో పదివేల అడుగులు అడ్డంగా వెళ్తారు.

నిలువు భాగంలో ఒకదానిలో ఒకటిగా ఉక్కు పైపులు దించుతారు. మనవైపు బోర్లవాళ్లలాగే ఇక్కడా వాటిని కేసింగ్ అనే అంటారు. బయటిది 20 అంగుళాలు ఉంటే, లోపలిది 13, దానిలో 9, చివరికి గ్యాసు వచ్చే పైపు ఐదున్నర అంగుళాలు. తాగునీటి పొర ఎక్కడ ముగుస్తుందో అంతకంటే కిందికి రెండో కేసింగ్ దిగాలి. ప్రతి కేసింగ్‌కీ బయటి గోడకీ మధ్య ఖాళీలో సిమెంటు పోస్తారు: పైపు లోపలినుంచి పంపి, అడుగున తిరిగి, వెలుపలినుంచి పైకి వచ్చేలా. ఈ పనికి ఒకటి రెండు రోజులు చాలు. ఆ బావి జాతకమంతా అక్కడే రాసిపెట్టి ఉంటుంది.

తర్వాత అడ్డబోరు చివరి నుంచి వెనక్కి వస్తూ పనిచేస్తారు. తీగకి కట్టిన పేలుడు గొట్టంతో పైపుకీ సిమెంటుకీ రంధ్రాలు పొడుస్తారు. అవి శుభ్రపడటానికి కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపుతారు. ఆ తర్వాత నీళ్లు. ఒక్కోటి 2,000 హార్స్‌పవర్ దాటిన పంపు లారీలు పదహారు, ఇరవై వరసగా నిలబడి నిమిషానికి 90 బ్యారెళ్లు తోస్తాయి. అంటే సెకనుకి సుమారు 240 లీటర్లు. మన వీధికొచ్చే 5,000 లీటర్ల ట్యాంకరు 21 సెకన్లలో ఖాళీ. పైన ఒత్తిడి చాలా బావుల్లో 8,000 నుంచి 10,000 పీఎస్‌ఐ దాకా పోతుంది. కారు టైరులో ఉండేది 32, 35.

మొదట ఉత్త నీళ్లు పంపి రాయి పగిలేలా చేస్తారు. పగులు తెరుచుకున్నాక ఇసుక కలుపుతారు, తక్కువతో మొదలెట్టి మెల్లగా పెంచుతూ. పంపులు ఆపగానే పైనున్న రాతి బరువు ఆ పగులుని మూసెయ్యబోతుంది. ఈ ఇసుక గింజలే అడ్డంపడి సందు మిగులుస్తాయి. గింజ సైజు మిల్లీమీటరులో ఐదో వంతు, మూడో వంతు. ఒక దశ గంటన్నర, రెండు గంటలు. దానికి ప్లగ్గు బిగించి, 200 అడుగులు వెనక్కొచ్చి మళ్లీ రంధ్రాలు, మళ్లీ నీళ్లు. పదివేల అడుగులకి యాభై దశలు. అన్నీ అయ్యాక ప్లగ్గుల్ని డ్రిల్లుతో తీసేస్తే బావి ఊపిరి పీలుస్తుంది.

అడుగుకి 40 బ్యారెళ్ల నీళ్లు, 2,000 పౌండ్ల ఇసుక అనుకుంటే, అలాంటి ఒక్క బావికి ఆరు కోట్ల లీటర్లకు పైగా నీళ్లు, తొమ్మిది వేల టన్నుల ఇసుక. ఒక టీఎంసీ నీటితో దాదాపు 450 బావులు. టీఎంసీల లెక్కలో చూస్తే పెద్దదిగా కనబడదు, వరిసాగు దీనికి ఎన్నో రెట్లు తాగేస్తుంది. కానీ ఈ నీళ్లు ఒకే వాగునుంచి, మూడు నాలుగు రోజుల్లో, అదీ ఎండాకాలంలో తీస్తే ఆ వాగు ఎండిపోతుంది. ఏడాది మొత్తం మీద ఎంత వాడారన్న అంకె ఈ సంగతి చెప్పదు. ఎప్పుడు, ఎక్కడ తీశారో అడగాలి.

కలిపే రసాయనాలు అర శాతం, మహా అయితే ఒక శాతం అని కంపెనీలు చెబుతాయి. నిజమే. ఆరు కోట్ల లీటర్లలో అర శాతం అంటే మూడు లక్షల లీటర్లు, అదీ నిజమే. అందులో జారుడు కోసం పాలీఅక్రిలమైడ్, బ్యాక్టీరియా చంపడానికి గ్లుటరాల్డిహైడ్, పైపుల్లో గార కట్టకుండా ఒక మందు, తుప్పు పట్టకుండా ఇంకొకటి. లోతున ఉన్నవాటికంటే పైన ట్యాంకుల్లో, హోసుల్లో ఉన్నవాటితోనే చిక్కు. చిందేదీ కారేదీ అక్కడే.

పగులు నీటిదాకా వస్తుందా

లోతుని బట్టి చెప్పాలి. రెండు వేల అడుగుల కిందికి పోయాక రాతిమీద నిలువు బరువే అన్నిటికంటే ఎక్కువ కాబట్టి పగుళ్లు నిలువుగా తెరుచుకుంటాయి. ఎత్తు సాధారణంగా వంద రెండు వందల అడుగులు, అరుదుగా వెయ్యి దాటుతుంది. బార్నెట్‌కీ పైనున్న ట్రినిటీ తాగునీటి పొరకీ మధ్య వేల అడుగుల రాయి ఉంది. అక్కడ పగులు నేరుగా పైకి పాకి నీళ్లలో కలుస్తుందన్న భయానికి ఆధారం లేదు.

అయితే వ్యోమింగ్‌లో పావిలియన్ అనే చోట కేవలం వెయ్యి అడుగుల పైచిలుకు లోతులోనే ఫ్రాకింగ్ చేశారు. ఊరి నీటి బావులు ఎనిమిది వందల అడుగుల దాకా దిగి ఉన్నాయి. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అక్కడి భూగర్భజలం మీద ప్రభావం పడిందని తేల్చారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తుది నివేదిక కూడా కొన్ని పరిస్థితుల్లో తాగునీరు దెబ్బతింటుందని ఒప్పుకుంది: తక్కువ లోతులో పగలగొట్టినప్పుడు, బావి గోడ సరిగా లేనప్పుడు, పైన చిందినప్పుడు, వ్యర్థజలాన్ని సరిగా వదలనప్పుడు.

ఇక సిమెంటు. నా దృష్టిలో అసలు కథ ఇదే. కేసింగ్ బోరు మధ్యలో నిలవకుండా ఒక పక్కకి ఒరిగితే సన్నగా ఉన్న వైపు సిమెంటు చేరదు. అలా ఒరక్కుండా పైపుని మధ్యలో నిలిపే సెంట్రలైజర్లు వరసగా తొడగాలి, ఖర్చు తగ్గించాలనుకునేవాడు మొదట కోసేది వాటినే. డ్రిల్లింగ్ బురద గోడకి అంటుకుని ఉండగానే పోస్తే సిమెంటు రాయిని పట్టుకోదు. సిమెంటు గట్టిపడే గంటల్లో దాని ద్రవ ఒత్తిడి తగ్గుతుంది, ఆ సందులో గ్యాసు దూరి సన్నటి కాలువ చేసుకుంటుంది. ఇవన్నీ బాగా చేసినా, యాభైసార్లు ఒత్తిడి పెంచి దించాక పైపుకీ సిమెంటుకీ మధ్య వెంట్రుకంత సందు తెరుచుకోవచ్చు.

ఇలా పైకెక్కే గ్యాసు ఎప్పుడూ షేల్ గ్యాసే కానక్కర్లేదు. మధ్య పొరల్లో ఉన్న గ్యాసు కూడా ఆ దారి దొరికితే తాగునీటి పొరలోకి వస్తుంది. పెన్సిల్వేనియాలోని డిమాక్‌లో 2009 జనవరి 1న ఒక ఇంటి నీటిబావి మూత పేలిపోయింది. సంవత్సరాల తరబడి నడిచిన వ్యవహారం. చివరికి 2022 నవంబరులో ఆ కంపెనీ నేరారోపణకి ఎదురు చెప్పకుండా, ఊరికి పైపు నీళ్లు తేవడానికి 1.6 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. 2014లో మరో అధ్యయనం పెన్సిల్వేనియాలోనూ, టెక్సస్‌లోని పార్కర్ కౌంటీలోనూ నీటిబావుల్లోకి వచ్చిన గ్యాసుని జడవాయువుల ఆనవాళ్లతో పరీక్షించి, దోషం సిమెంటుదీ కేసింగ్‌దీ అనే చెప్పింది.

పట్టుకోవడం ఎలా? సిమెంటు రాయికి అంటిందా లేదా అని ధ్వనితో చూసే బాండ్ లాగ్ ఉంది. దానికంటే చవకైనది, రోజూ చూడగలిగేది, కేసింగ్‌ల మధ్య ఖాళీకి పెట్టిన ప్రెషర్ గేజీ. అక్కడ సున్నా ఉండాలి. వదిలేశాక మళ్లీ మళ్లీ ఎక్కుతుంటే కిందెక్కడో కారుతోందన్నమాట. ఈ గేజీ చదివే మనిషి ఎవరు, ఆ కాగితం ఎవరికి చేరుతుంది అన్నది సిమెంటు నాణ్యతంత ముఖ్యం.

ఫ్రాకింగ్ మధ్యలో చెడే పని ఇంకొకటి ఉంది, అది పర్యావరణాన్ని కాదు జేబుని కాలుస్తుంది. ఇసుక త్వరగా పెంచేస్తే పగులు నోట్లోనే అడ్డుపడి, ఒత్తిడి ఒక్కసారి పైకెగురుతుంది. దాన్ని స్క్రీనవుట్ అంటారు. పంపులు ఆపి, ఇసుక కడిగి, మళ్లీ మొదలెట్టాలి. పక్క బావిని పగలగొడుతుంటే పాత బావిలోకి నీళ్లు దూరడం దీనికంటే ప్రమాదం. ఆ పాత బావి సరిగా మూసినది కాకపోతే ఆ నీళ్లు నేల మీదికే వస్తాయి.

మురుగునీరు, భూకంపాలు

పంపిన నీళ్లలో కొంత వెనక్కి వస్తుంది. మొదటి రోజుల్లో మనం పంపినదే, తర్వాత రాతిలోని పాత సముద్రపు నీరు. దాని ఉప్పు సముద్రానికి ఎన్నో రెట్లు: సముద్రంలో లీటరుకి 35 గ్రాములైతే, పెన్సిల్వేనియా మార్సెల్లస్ బావుల్లో 200 గ్రాములు దాటుతుంది. అందులో బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, రేడియం. మొదట్లో ఈ నీటిని ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రాలకి పంపారు. అవి ఉప్పునీ బ్రోమైడ్‌నీ తియ్యలేవు. నదిలో కలిసిన బ్రోమైడ్ కిందిఊళ్ల తాగునీటి క్లోరిన్‌తో చేరి హానికరమైన పదార్థాలు పుట్టించింది. 2011లో పెన్సిల్వేనియా ఆపమని కంపెనీల్ని కోరింది; ఊరి శుద్ధి కేంద్రాలకి పంపకూడదని ఈపీఏ నియమం వచ్చింది 2016లో.

టెక్సస్‌లో ఆ నీటిని లోతు బావుల్లో దించుతారు. బార్నెట్ కింద ఎలెన్‌బర్గర్ అనే సున్నపురాతి పొర ఉంది, ఎంత పోసినా మింగుతుంది. దాని కింద గట్టి పునాది రాయి, అందులో పాత భ్రంశాలు, అంటే రాయి ఎప్పుడో చీలి జారిన చోట్లు. చాలామంది నీళ్లు నూనెలా జారుడు ఇచ్చి భ్రంశాన్ని కదిలిస్తాయంటారు. అది సరికాదు. ఆ రెండు రాతి ముఖాలూ పైబరువుతో ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి. సందుల్లో నీటి ఒత్తిడి పెరిగితే ఆ నొక్కుడు తగ్గుతుంది, పట్టు సడలి జారతాయి. కొద్దిపాటి ఒత్తిడి చాలు, కిలోమీటర్ల దూరం పాకుతుంది, బావి ఆపాక కూడా కొన్నాళ్లు మిగులుతుంది.

2013 చివర ఫోర్ట్‌వర్త్ పక్కన ఏజల్ దగ్గర కంపించింది. 2015 జనవరి 6న ఇర్వింగ్‌లో, పాత టెక్సస్ స్టేడియం ఉన్న చోట, 3.6 తీవ్రతతో; అక్కడున్న మన కుటుంబాలు ఆ చలికాలాన్ని మరిచిపోయి ఉండవు. అదే ఏడాది మేలో వీనస్ దగ్గర 4.0. ఇక్కడి భ్రంశాలు 30 కోట్ల ఏళ్లుగా కదల్లేదనీ, 2008 తర్వాతే కదిలాయనీ 2017లో ఒక అధ్యయనం చెప్పింది. ఓక్లహోమాలో అయితే ఏడాదికి ఒకటి రెండుండే 3 తీవ్రత పైబడిన కంపనాలు 2015లో 900 దాటాయి. 2016 సెప్టెంబరు 3న పానీలో 5.8. అక్కడ దించిన నీటిలో ఎక్కువ భాగం ఫ్రాకింగ్‌లో వాడినది కాదు, నూనెతో వచ్చిన పాత ఉప్పునీరు. దించే పరిమాణం తగ్గించమని నియంత్రణ సంస్థ పట్టుబట్టాక కంపనాలు బాగా తగ్గాయి.

నేరుగా పగలగొట్టడం వల్లే వచ్చినవీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ న్యూ రోడ్‌లో 2019 ఆగస్టు 26న 2.9 వచ్చింది, నవంబరులో ప్రభుత్వం ఫ్రాకింగ్‌నే నిలిపేసింది.

లాభం చిన్నది కాదు

2012 నాటికి ఒక్క బార్నెట్ నుంచే రోజుకి 500 కోట్ల ఘనపుటడుగులకు పైగా గ్యాసు వచ్చింది. ఆ ఏడాది భారతదేశం మొత్తం తీసిన గ్యాసు అంతకంటే తక్కువ. అదే కాలంలో కృష్ణా-గోదావరి సముద్ర క్షేత్రం కేజీ-డీ6లో ఉత్పత్తి పడిపోయి మన గోదావరి జిల్లాల గ్యాసు విద్యుత్ కేంద్రాలు ఖాళీగా కూర్చున్నాయి. అమెరికాలో 2008 వేసవిలో పది లక్షల బీటీయూలకి (గ్యాసు అమ్మే కొలత) 12 డాలర్లు దాటిన ధర 2012 ఏప్రిల్‌లో 2 డాలర్ల కిందికి దిగింది. బొగ్గు కేంద్రాలు ఆ ధరకి తట్టుకోలేకపోయాయి. 2008లో కరెంటులో దాదాపు సగం బొగ్గుదైతే 2023కి ఆరో వంతు. గాలీ సౌరశక్తీ కూడా తోడై, విద్యుత్ రంగపు కార్బన్ డయాక్సైడ్ 2005తో పోలిస్తే 40 శాతం దాకా తగ్గింది. బొగ్గు పొగలోని గంధకం, పాదరసం, బూడిద తగ్గడం వల్ల నిలిచిన ఊపిరితిత్తుల లెక్క వేరు.

మనకీ తగిలింది. మన ప్రభుత్వ గ్యాసు సంస్థ గెయిల్ 2011లో లూసియానాలోని సబీన్ పాస్ నుంచి ఏడాదికి 35 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీకి (ద్రవంగా మార్చిన గ్యాసుకి) ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకుంది. మొదటి ఓడ 2018 మార్చిలో దాభోల్ చేరింది. రామగుండంలో యూరియా బస్తా తయారయ్యేది కూడా సహజవాయువుతోనే.

వాతావరణ లాభం మాత్రం లీకేజీ మీద ఆధారపడి ఉంటుంది. సహజవాయువులో ముఖ్యభాగం మీథేన్. ఒక కిలో మీథేన్ కాలిస్తే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్. కాలకుండా గాలిలో కలిస్తే ఇరవై ఏళ్ల లెక్కలో అది 82 కిలోలతో సమానం. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనం అమెరికా మొత్తం మీద 2.3 శాతం లీకవుతోందని చెప్పింది. అంటే 2.75కి మరో 1.9 కలపాలి. బొగ్గు కరెంటు యూనిట్‌కి సుమారు ఒక కిలో, మంచి గ్యాసు కేంద్రం 0.4, లీకు కలిపితే 0.68. ఇంకా గ్యాసుదే పైచేయి. లీకు 5 శాతానికి చేరితే ఈ ముతక లెక్కలో రెండూ ఒకటే. పశ్చిమ టెక్సస్ పర్మియన్‌లో ఉపగ్రహ కొలతలు 3.7 శాతం చూపించాయి. లీకయ్యేది బావి అడుగునుంచి కాదు: తెరిచిపెట్టిన ట్యాంకు మూతలు, గ్యాసుతోనే నడిచే పాత కంట్రోలర్లు, మిగులు గ్యాసుని కాల్చాల్సింది పోయి ఆరిపోయిన మంటగొట్టాలు. అన్నీ పానా, గ్యాస్ కెమెరా పట్టుకున్న మనిషి సరిచేయగలిగినవే.

బావి మొదటి ఏడాదిలోనే 60, 70 శాతం తగ్గిపోతుంది. అందుకే ఎప్పుడూ కొత్తవి తవ్వుతూనే ఉండాలి, లారీలు ఆగవు. బార్నెట్ ఇప్పుడు తన శిఖరంలో సగం కూడా ఇవ్వడం లేదు. మిగిలింది వేలాది ముసలి బావులు. టెక్సస్‌లో వంద దాటి ఎన్ని బావులున్నా కంపెనీ పెట్టే పూచీ ఏళ్ల తరబడి రెండున్నర లక్షల డాలర్లే. వంద బావులకైతే బావికి 2,500. ఒక లోతు బావిని సిమెంటుతో సరిగా మూయడానికి ఆ డబ్బు ఏ మూలకీ చాలదు.

ఇసుక దుమ్ము సంగతి ఎవరూ పట్టించుకోరు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 11 చోట్ల కొలిస్తే, 79 శాతం నమూనాల్లో సిలికా తాను సిఫారసు చేసిన పరిమితికి మించి ఉంది. ఊపిరితిత్తుల్లో గూడుకట్టే సిలికోసిస్ మన రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లకి కొత్త జబ్బు కాదు.

డాలస్‌లో ఇల్లు కొనేవాళ్లకి

ఫ్రిస్కో, ప్లేనో బార్నెట్ ప్రధాన భాగానికి తూర్పున ఉన్నాయి. ఫ్లవర్ మౌండ్, సౌత్‌లేక్, డెంటన్, ఫోర్ట్‌వర్త్ వైపు చూస్తున్నవాళ్లు కొంచెం కాగితాలు తిరగెయ్యాలి. టెక్సస్‌లో నేల మీది హక్కు వేరు, నేల కింది ఖనిజ హక్కు వేరు. మీ దస్తావేజులో ఖనిజ హక్కు మినహాయించి ఉంటే లీజు డబ్బు మీకు రాదు, బావి వద్దనే అధికారమూ ఉండదు. చుట్టూ ఉన్న బావుల పటం రైల్‌రోడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది (పేరు చూసి నవ్వకండి, రైళ్ల పని దాని చేతినుంచి పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు ముఖ్యంగా చూసేది చమురు, గ్యాసు). బావికీ ఇంటికీ ఫోర్ట్‌వర్త్‌లో 600 అడుగులు, డాలస్‌లో 2013 నుంచి 1,500. డెంటన్ ప్రజలు 2014 నవంబరులో ఓటేసి ఫ్రాకింగ్‌నే నిషేధించారు. ఆరు నెలల్లో రాష్ట్రం చట్టం చేసి ఊళ్లకి ఆ అధికారమే తీసేసింది.

నగర నీళ్లు కాకుండా సొంత బోరు ఉంటే, పక్కన డ్రిల్లింగ్ మొదలయ్యే ముందే గుర్తింపు పొందిన ల్యాబ్‌తో పరీక్ష చేయించాలి: మీథేన్, ఈథేన్, క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, మొత్తం కరిగిన లవణాలు, బెంజీన్. నమూనా ల్యాబ్‌వాళ్లే తీయాలి, మీరు సీసాలో పట్టి ఇస్తే కోర్టులో చెల్లదు. ముందు కాగితం లేకపోతే తర్వాత ఏ వాదనా నిలవదు. మీథేన్ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే గమనిస్తూ ఉండాలి, 28 దాటితే ఆగకుండా బావి మూతకి గాలిగొట్టం పెట్టించాలి. తాగితే విషం కాదు. మూసిన గదిలో గాలిలో 5 శాతానికి చేరితే పేలుతుంది. కుళాయి చీదుతూ పాలలా తెల్లటి నీళ్లొస్తే అదే మొదటి గుర్తు.

కోనసీమ మాటేమిటి

పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఎగిసి 65 రోజులు మండిన బావి ఫ్రాకింగ్ బావి కాదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసిన పేలుడు గ్యాస్ పైపులైనుది. తేమ గ్యాసు లోపలినుంచి తినేసిన ఉక్కుది. ఈ రెంటినీ ఫ్రాకింగ్ ఖాతాలో రాయకూడదు. కానీ బావిని అదుపులో పెట్టడం, తుప్పుని కనిపెట్టడం వంటి మామూలు పనులే ఇక్కడ తప్పాయి, షేల్ బావికి అవి ఇంకా ఎక్కువ కావాలి.

షేల్ గ్యాసు విధానం మన దేశంలో 2013లో వచ్చింది. 2018లో ఉన్న ఒప్పంద క్షేత్రాలన్నిటికీ తలుపు తెరిచారు. కేజీ బేసిన్‌లోనూ ఓఎన్‌జీసీ వెతికింది, వ్యాపార స్థాయిలో గ్యాసు రాలేదు. రేపు వస్తే, టెక్సస్ గడ్డిభూమి లెక్కలు ఇక్కడ పనికిరావు. అక్కడ ఒక ప్యాడుకి (బావులు తవ్వే జాగాకి) ఐదారెకరాలు చదును చేసి, వేల లారీలు తిప్పుతారు. ఇక్కడ కొబ్బరితోట, పక్కన చేలు, మధ్యలో పంటకాలువ, దాని గట్టు మీదే రోడ్డు. మూడు లక్షల లీటర్ల రసాయనం నిల్వ చేసే చోటు వరదకి మునిగేది కాకూడదు, లంకల్లో అలాంటి చోటు దొరకడమే కష్టం.

ఇంకో సంగతి. 2020 జనవరిలో కేంద్రం అన్వేషణ బావుల్ని పర్యావరణ అనుమతుల్లో బీ2 వర్గంలోకి మార్చింది, అంటే వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. మాట్లాడే అవకాశం ఉత్పత్తి దశలోనే వస్తుంది. ఆ రోజు టెంటు కింద మైకు దొరికితే ఉద్యోగాలూ రోడ్లూ అడగండి, తప్పు లేదు. వాటితో పాటు తాగునీటి పొర ఎన్ని అడుగుల దాకా ఉంది, రెండో కేసింగ్ ఎక్కడికి దిగుతుంది, బాండ్ లాగ్ ఎవరు చూస్తారు, వచ్చిన ఉప్పునీరు ఏ బావిలోకి ఏ లోతుకి పోతుంది, తవ్వకముందే ఊరి బోర్ల నీళ్లు పరీక్ష చేసి ఆ కాగితాలు పంచాయతీ ఆఫీసులో పెడతారా అని అడగండి. కేసింగ్‌ల మధ్య గేజీ రీడింగు నెలనెలా ఊరి నోటీసు బోర్డు మీద రాయమని కూడా.